మోరే ఈల్‌కు మంచినీటి తొట్టె పనికిరాదు

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో ఇళ్లలో పాములా పొడవుగా ఉండే మోరే ఈల్ అనే చేపను పెంచే సరదా మన తెలుగువారిలోనూ కనిపిస్తోంది. అయితే 'మంచినీటి మోరే' అని చెప్పి అమ్మే రకం నిజానికి నదులు సముద్రంలో కలిసేచోట, ఉప్పు కలిసిన నీటిలో బతికేది. దానిని ఉప్పులేని నీటిలో ఉంచితే కొన్నాళ్లు బాగానే ఉన్నట్టు కనిపించి, క్రమంగా మేత మానేసి చిక్కిపోతుంది.

మేత పెట్టడంలోనూ జాగ్రత్త అవసరం. దీనికి చూపు మందం, వాసన పసిగట్టే శక్తి మాత్రం అమోఘం. అందువల్ల చేత్తో అందిస్తే వేలికీ రొయ్యకూ తేడా తెలియక పట్టేస్తుంది. పైగా గొంతులో ఉండే రెండో జత దవడలు ముందుకు వచ్చి ఆహారాన్ని లోపలికి లాగుతాయని 2007లో శాస్త్రవేత్తలు వెల్లడించారు కనుక, పొడవాటి పట్టకారు తప్పనిసరి. కాశిమేడు చేపల రేవులో దొరుకుతున్నాయి కదా అని ఎప్పుడూ పచ్చి రొయ్యలే వేస్తే విటమిన్ బి1 లోపించే ప్రమాదం ఉంది. చేపముక్కలు, స్క్విడ్ మార్చి మార్చి వేయాలి. ఎదిగినవాటికి వారానికి రెండు మూడుసార్లు చాలు. అది అదేపనిగా నోరు తెరిచి మూయడం ఊపిరి తీసుకోవడమే గాని, చూడవచ్చిన చుట్టాలు అనుకున్నట్టు కోపం కాదు.

తొట్టె మూతలో పైపు దూరే సందు ఉన్నా ఈల్ బయటపడి ఎండిపోతుంది. మన మే నెల ఎండలకు నీటిని చల్లబరిచే యంత్రం (చిల్లర్) ఖర్చు కూడా లెక్కలో ఉండాలి. ఏ రకానికి ఎంత ఉప్పునీరు కావాలో దుకాణదారులు తొట్టె మీదే రాసి పెట్టేలా అధికారులు ఆదేశించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, చెన్నై