గొల్లభామ పురుగుల పెట్టెలు మార్చి ఇస్తున్నాం: మా కొనుగోలుదారులకు విన్నపం

గత వానాకాలం నుంచి అనంతపురం పాతూరులోని మా దుకాణంలో గొల్లభామలు పెంచుకునేవారికి అమ్మిన అద్దాల పెట్టెల తయారీలో తప్పు జరిగింది. ఆ తప్పు పూర్తిగా మాదే. చేపల తొట్లు చేసే అలవాటు కొద్దీ వాటినే చిన్నవిగా కోసి, రంధ్రాలు పెట్టిన నున్నటి ప్లాస్టిక్ మూత బిగించి ఇచ్చాం. పెట్టె పొడవు తొమ్మిది అంగుళాలు, ఎత్తు ఆరంగుళాలే.

గొల్లభామ కుబుసం విడిచేటప్పుడు పైకప్పును కాళ్లతో పట్టుకుని తలకిందులుగా వేలాడుతుంది. పాత చర్మంలోంచి మెల్లగా కిందికి జారి బయటపడ్డాక, మెత్తని ఒళ్లు గట్టిపడేవరకు అది దేనికీ తగలకుండా ఉండాలి. నున్నటి మూత మీద పెద్ద పురుగుల పట్టు నిలవదు. పోయిన నెల ఒక బాబు తన పెట్టెను రెండు చేతులతో పట్టుకుని మా దగ్గరకు వచ్చాడు. ఆఖరి కుబుసం విడుస్తూ కింద పడిన అతని పురుగుకు ఒక ముందుకాలు వంకరపోయింది, రెక్కలు నలిపిన కాగితంలా ముడుచుకుపోయాయి. రెక్కలు వచ్చాక మళ్లీ కుబుసం ఉండదు కనుక ఆ వంకర ఇక సరికాదు. ఆ బాబుకు మేం చెప్పగలిగిన సమాధానం ఏదీ లేకపోయింది.

పెట్టె ఎత్తు పురుగు పొడవుకు కనీసం మూడింతలు ఉండాలన్నది పెంపకందారులందరూ పాటించే లెక్క. అందువల్ల మూడంగుళాల పురుగుకు ఇకపై అడుగు ఎత్తు పెట్టెలే చేస్తాం. పైకప్పుకు నైలాన్ దోమల జాలీ వేస్తాం. ఇనుప జాలీ పురుగు పాదాల కొసలను గాయపరుస్తుంది. పాత పెట్టె తెచ్చినవారికి, బిల్లు లేకపోయినా, డబ్బు తీసుకోకుండా కొత్తది ఇస్తాం.

జాలీ మూతతో గాలి బాగా ఆడుతుంది కానీ మన ఎండలకు పెట్టె త్వరగా ఆరిపోతుంది. రోజుకొకసారి ఒక పక్క గోడ మీద సన్నగా నీళ్లు చిలకరిస్తే పురుగు ఆ చుక్కలే తాగుతుంది. పెట్టెను మాత్రం ఎండ పడే కిటికీ దగ్గర ఉంచకండి. మందు కొట్టిన వేరుశనగ చేలల్లో పట్టిన మిడతలను మేతగా వేయవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాం. ఒక పెట్టెలో ఒక్క పురుగునే ఉంచండి. రెండుంటే ఒకదాన్నొకటి తినేస్తాయి.

మీ గొల్లభామ మేత మానేసి పైన కదలకుండా వేలాడుతూ ఉంటే, పెట్టెను ఇప్పుడు తేవద్దు, మూత తీయవద్దు. లోపల కీచురాళ్లు మిగిలి ఉంటే అవి కుబుసం విడిచే పురుగును కొరుకుతాయి కాబట్టి, పెట్టెకు పక్క తలుపు ఉంటే దాన్ని మెల్లగా తెరిచి వాటిని మాత్రం తీసేయండి. కుబుసం విడిచి, ఒళ్లు గట్టిపడి, మళ్లీ మేత ముట్టుకున్నాక మాకు కబురు చేస్తే, ఊళ్లో ఉన్నవారి ఇంటికి కొత్త పెట్టెను మేమే తెచ్చి ఇస్తాం.