మా 407 బండిని అమ్మడం లేదు, మామిడికాయలు వచ్చే రోజులు మారుతున్నాయి

కొన్నాళ్లుగా "స్వామీ, కాయలేవి?" అని ఫోన్లు చేస్తున్న అందరికీ ఒకేసారి చెబుతున్నా. దామలచెరువు మామిడితోట నుంచి వస్తూ మా పాత టాటా 407 లారీ చంద్రగిరి దగ్గర నిలబడిపోయింది. వెనక హౌసింగ్‌లో చక్రాలను తిప్పే క్రౌన్, పీనియన్ అనే రెండు పళ్ల చక్రాల పళ్లు రాలిపోయాయి. బేనీషా (బంగినపల్లి) కాయలు ఆటోలోకి మార్చి తెచ్చేసరికి సగం నలిగాయి. వాటిని అమ్మలేదు. అడ్వాన్సులు తిరిగి ఇచ్చేశాం.

నిజానికి బండి ఎప్పుడో రోడ్డెక్కాల్సింది. క్రౌన్, పీనియన్ విడివిడిగా కొనే సామాన్లు కావు. తయారీలోనే రెండింటినీ కలిపి అరగదీసి, రెండింటి మీదా ఒకే జత నంబరు వేస్తారు. డబ్బంతా ముందే తీసుకుని స్పేర్ పార్టుల షాపాయన పంపిన అట్టపెట్టెలో మాత్రం క్రౌన్ మీద ఒక నంబరు, పీనియన్ మీద ఇంకోటి. మేస్త్రీ గ్రీసు తుడిచి, టార్చి వేసి మరీ చూపించాడు. షాపాయనకు ఫోన్ చేస్తే "రన్నింగ్‌లో సెట్ అయిపోతుందిలే అన్నా" అన్నాడు. షాపుకే తీసుకెళ్లి ముందు పెడితే, మేమే మార్చి తెచ్చామన్నట్టు మాట్లాడాడు. మా నాయన కాలం నుంచి అక్కడే కొంటున్నాం. డబ్బు పోయినా ఇంత బాధ ఉండేది కాదు. వాపసు తీసుకోవడానికి కాళ్లరిగేలా తిప్పాడు. చివరికి చెన్నై నుంచి తెప్పించుకున్నాం. ఇక ఆ గడప తొక్కను.

కొత్త బండి ఆలోచన రాలేదని కాదు. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన బండ్లకు ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఫీజు బాగా పెంచారు. ఎక్స్ఛేంజ్‌కు అడిగితే పాత ఇనుము రేటు కట్టారు. పైగా కొత్తదానికి నెలనెలా కంతులు. 2025లో తోతాపురి మామిడికి గుజ్జు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలో 12 అన్నారు. ఆ ధరకైనా అమ్ముకుందామని ఫ్యాక్టరీ గేటు ముందు క్యూలో రాత్రుళ్లు పడుకున్నది ఈ బండిలోనే. అలాంటి ఏడాది మళ్లీ వస్తే కంతులు ఎవరు కడతారు? ఈ బండిని వదలనన్నందుకు ఇంట్లో ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అయినా బండిని అమ్మేది లేదు. నేను స్టీరింగ్ పట్టింది దీని మీదే. రెండో గేరు పడాలంటే రాడ్డును కాస్త ఎడమకు ఒత్తాలి, లేదంటే ఊరంతా వినపడేలా అరుస్తుంది. డొక్కు బండి అని నవ్వేవాళ్లున్నారు. ఆ డొక్కు బండిలో గడ్డి పరిచి తెచ్చిన కాయే మీరు తింటున్నది స్వామీ.

ఇకపై బుధ, శనివారాలు మాత్రమే వస్తాం. ధర పెంచడం లేదు. కార్బైడ్ జోలికి పోము, ఎప్పట్లాగే గడ్డిలోనే మాగబెడతాం. బేనీషా అయిపోవచ్చింది. కాలేపాడు రకం కావాలంటే ముందురోజు సాయంత్రంలోపు చెప్పండి. నీలం రకం ఆఖర్న వస్తుంది.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు వాచ్‌మన్‌కు ఒక మాట చెప్పిపెట్టండి. బండిని చూసి లోపలికి వదలడం లేదు.