హామీ ఇచ్చే ముందు లెక్క రాసుకోండి

సంపాదకుడు గారికి,

విద్యార్థి సంఘం ఎన్నికల్లో నిలబడేవారు ఫీజులు తగ్గిస్తామని చెప్పడం బాధాకరం. అది సంఘం చేతిలో లేని పని. లైబ్రరీ వేళలు పెంచుతామనే హామీ సంగతి వేరు. రెండు వారాలపాటు రోజూ మూసే వేళకు ఎన్ని కుర్చీలు నిండి ఉన్నాయో రాసుకోండి. ఇంకో గంట తెరిచి ఉంచాలంటే ఎంతమంది సిబ్బంది కావాలో, హాస్టల్‌కు చివరి బస్సు ఎన్నింటికో కనుక్కోండి. ఆ కాగితం చేతిలో ఉంటే అధికారులు అంత తేలిగ్గా తోసిపుచ్చలేరు.

అన్నట్టు, ప్రతిపాదించినవారి పేరు ఓటరు జాబితాలో లేకపోయినా, ఒక్క సంతకం మరిచినా నామినేషన్ పోతుంది. గడువుకు రెండు రోజుల ముందే ఇస్తే దిద్దుకోవచ్చు. గెలిచిన వారంలోనే పాత కార్యవర్గం నుంచి సమావేశాల నిర్ణయాలు రాసే మినిట్స్ పుస్తకం, రసీదులు తీసుకోండి. అవి చేతులు మారకే సగంలో ఉన్న పనులు మళ్లీ మొదటికొస్తున్నాయి.

– ఒక పాఠకుడు