దిబ్బరొట్టె యుద్ధానికి వెళ్ళలేదు మహాప్రభో

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ‘జపాన్‌ను గడగడలాడించిన ఎగిరే పళ్ళెం’ అని అర పేజీ వేసి మూడు వారాలైంది. ఆ రోజే రాద్దామనుకున్నాను. ‘పేపరువాళ్ళు తప్పు రాయడం కొత్తా, మీరు దిద్దడం కొత్తా, ఇడ్లీ చల్లారిపోతోంది రండి’ అంది మా ఆవిడ. ఊరుకున్నాను. మొన్న శనివారం మా మనవరాలు బడి నుంచి ఏడుపు మొహంతో వచ్చింది. ఇక ఊరుకోలేను.

బళ్ళో క్విజ్ పెట్టారట. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ మీద పోరాడిన గుండ్రటి అమెరికా విమానం ఏదని ప్రశ్న. మా పిల్ల లేచి, ‘వాట్ అనే కంపెనీ చేసిన ఎక్స్‌ఎఫ్5యు అండి, కానీ అది పోరాడలేదు, అసలు ఎగరనే లేదు’ అంది. సగం జవాబుకు మార్కు ఇవ్వకపోగా, ఎదురు చెప్పినందుకు ఒకటి కోశారు. ‘పేపర్లో వేశారు కదమ్మా’ అంటూ ఆ మాస్టారు జేబులోంచి తీసి చూపించింది మీ పేపరు ముక్కే. ఇంటికొచ్చి నన్ను అడిగింది: ‘తాతయ్యా, నువ్వే తప్పు చెప్పావా?’ వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరుగా, అంటే విమానాల ఒళ్ళు బాగుచేసేవాడిగా, ఇరవై ఏళ్ళు చేతులు నల్లగా చేసుకున్నవాణ్ణి. ఈ వయసులో ఆ మాట పడాల్సి వచ్చింది.

అయ్యా, మీరు రాసింది ఒక విమానం గురించి, వేసిన ఫొటో మరో విమానానిది. ఫొటోలో పసుపుపచ్చగా, పొడుగాటి కాళ్ళమీద ముక్కు పైకెత్తి కూర్చున్నది వి-173. చెక్కతో, గుడ్డతో చేసిన ప్రయోగ విమానం. దానికి ఉన్నవి ఒక్కోటీ 80 గుర్రాల బలం ఇంజన్లు రెండు. తుపాకీ పెట్టే చోటే లేదు. దాంతో జపాన్‌ను గడగడలాడించడమంటే పేపర్ రాకెట్‌తో పులిని కొట్టడమే. దాన్ని చూసుకుని తర్వాత కట్టిన లోహపు యుద్ధ విమానం ఎక్స్‌ఎఫ్5యు. మీరు రెంటినీ కలిపి కిచిడీ చేశారు.

‘జర్మన్ల రహస్య పరిజ్ఞానాన్ని దొంగిలించి చేసింది’ అన్న ముక్క చదివినప్పుడు మాత్రం నాకు నిజంగా ఒళ్ళు మండింది. ఆ ఆలోచన చార్లెస్ జిమ్మర్‌మన్ అనే అమెరికా ఇంజినీరుది. లాంగ్లీ పరిశోధనశాలలో పనిచేస్తూ 1930ల మొదట్లోనే దీని వెంట పడ్డాడు. ఆయన పట్టుకున్న కిటుకు చెబుతాను, మీ ఉపసంపాదకులు కూడా వినాలి. ఎగిరే రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. కిందిగాలి రెక్క చివర్ల దగ్గర పైకి ఎగబాకి సుడి తిరుగుతుంది. రెక్క ఎంత పొట్టిదైతే ఆ సుడి బాధ అంత ఎక్కువ. అందుకే పొట్టి వెడల్పు రెక్క పనికిరాదని అందరూ వదిలేశారు. ఈయన ఏం చేశాడంటే, సరిగ్గా ఆ చివర్లలోనే పేద్ద ప్రొపెల్లర్లు పెట్టి, సుడి ఎటు తిరుగుతుందో దానికి ఎదురు తిప్పాడు. సుడికి సుడి చెల్లు. ఇక పొడుగు రెక్కలెందుకు? విమానమంతా ఒకటే రెక్క. నౌక మీద చారెడు చోటులో లేచి, అంతే చోటులో దిగాలన్నది అమెరికా నౌకాదళం ఆశ.

1942 నవంబరు 23న కనెక్టికట్‌లోని స్ట్రాట్‌ఫర్డ్‌లో బూన్ గైటన్ అనే పైలట్ వి-173ని తొలిసారి ఎగరేశాడు. ఎదురుగాలి బాగా ఉంటే దాదాపు ఉన్నచోటి నుంచే లేచేదట. అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటిన లిండ్‌బర్గ్ కూడా దీన్ని నడిపి చూశాడు. 1943లో ఒకసారి సముద్రపు ఒడ్డున దించాల్సొచ్చి ఇసకలో బోర్లా పడింది. పైలట్‌కు దెబ్బ తగల్లేదు, విమానమూ పెద్దగా చెడలేదు. ఆ చుట్టుపక్కల జనం ఆకాశంలో వింత వస్తువేదో కనబడిందని కంగారుపడ్డారు. మీకు కావలసిన మసాలా అంతా నిజంలోనే ఉంది కదా, కల్పించడం దేనికి?

ఇక అసలు యుద్ధ విమానం సంగతి. రెండు ఎక్స్‌ఎఫ్5యులు కట్టమన్నారు, ఒకటి బలం పరీక్షకు, ఒకటి ఎగరడానికి. ఇంజన్లు రెక్క లోపల, ప్రొపెల్లర్లు చివర్లలో. మధ్యలో గేరుపెట్టెలు, ఇరుసులు. ఒక ఇంజను ఆగినా రెండు ప్రొపెల్లర్లూ తిరిగేలా రెంటినీ కలిపారు. వాటితో, ప్రత్యేకంగా చేయించిన ప్రొపెల్లర్లతో కుస్తీ పడేసరికి యుద్ధమే అయిపోయింది. 1946 జులైలో జెట్ విమానం ఒకటి విమాన వాహక నౌక మీద దిగి, లేచి చూపించింది. ఇక ప్రొపెల్లరు ఎవడిక్కావాలి? 1947 మొదట్లో దీన్ని నేల మీద పరుగెత్తించి చూశారు. ఆ పరుగులో చక్రాలు కాస్త లేచాయంటారు. మా భాషలో దాన్ని ఎగరడం అనరు. మార్చి 17న రద్దు చేసి ముక్కలు చేయమన్నారు. బాల్సా చెక్కకు రెండువైపులా అల్యూమినియం రేకు అతికించిన ఒళ్ళు దానిది. ఇనుప గుండు వేలాడదీసి కొడితే గుండే వెనక్కి ఎగిరిపడిందని చెబుతారు. ఎగరనివ్వలేదు సరే, ఒక మూల ఉంచితే ఏం పోయింది? ఇందులో అమెరికావాళ్ళనూ నేను క్షమించను.

అదృష్టంకొద్దీ గుడ్డ విమానం మిగిలింది. స్మిత్‌సోనియన్ అనే అమెరికా మ్యూజియం వాళ్ళ గోడౌనులో దశాబ్దాలు పడి ఉన్నదాన్ని వాట్ కంపెనీలో పనిచేసి రిటైరైన పెద్దవాళ్ళు టెక్సాస్‌కు తెచ్చుకుని, ఏళ్ళ తరబడి జీతం లేకుండా బాగుచేశారు. 2012 నుంచి డాలస్‌లోని ఫ్రాంటియర్స్ ఆఫ్ ఫ్లైట్ మ్యూజియంలో పెట్టారు. డాలస్ పక్కనే ప్లేనోలో ఉండే మా అబ్బాయి దగ్గరకెళ్ళినప్పుడు చూశాను. డాలస్ వెళ్ళే తెలుగు అమ్మానాన్నలకు గుడి, మాలు, మళ్ళీ గుడి. నేను పట్టుబట్టి లవ్ ఫీల్డు విమానాశ్రయం పక్కనున్న ఆ మ్యూజియానికి తీసుకెళ్ళమన్నాను. ముక్కు కింద, పైలట్ కాళ్ళ దగ్గర అద్దాలున్నాయి. నేలమీద అంతగా ముక్కు పైకెత్తి కూర్చుంటే ముందు ఏమీ కనబడదు కదా, కిందికి చూడ్డానికి. వంగి, గుడ్డ కింద బద్దీల మీద దారం ముళ్ళు వరసగా ఉబ్బి కనిపిస్తుంటే లెక్కపెట్టాను. ఒక్క ముడి వంకర లేదు. పక్కన నిలబడ్డ పెద్దాయన నా చేతులు చూసి ‘మెకానిక్కా?’ అన్నాడు. ఆ పూట నాకు అన్నం అక్కర్లేకపోయింది.

దానికి అమెరికావాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు ఎగిరే పాన్‌కేక్. మీరు పళ్ళెం అన్నారు. మధ్యలో ఆ మందం, అంచుల దగ్గర ఆ పలచన చూస్తే మన దిబ్బరొట్టె తప్ప ఇంకో మాట తోచదు. మూకుడులోంచి తీసి బోర్లించినట్టే ఉంటుంది.

ఇప్పుడు మా ఊరి సంగతి కూడా చెప్పనివ్వండి. కూడలిలో దళం వాళ్ళిచ్చిన పాత విమానం ఒకటుంది. మునిసిపాలిటీ వాళ్ళు పండక్కి రంగులేయించారు. మన వైమానిక దళం గుర్తులో కాషాయం బయట, ఆకుపచ్చ లోపల. వీళ్ళు తిరగేశారు. అర్జీ ఇస్తే ‘రంగులు మూడూ ఉన్నాయిగా సార్’ అన్నాడు గుమాస్తా. చక్రాల దగ్గర మిరపకాయ బజ్జీల బండి, తోక నుంచి స్తంభం దాకా ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. రెక్క మీద కాకుల సంగతి రాయను, వాటికి చదువు లేదు. చదువున్నవాళ్ళు చేసిందానికే నా ఏడుపు.

మునుపు మీ పేపర్లో ప్రూఫులు దిద్దే పెద్దలుండేవారు. ఒక్క అచ్చుతప్పు దొరికిందని మా నాన్నగారు కార్డు రాస్తే జవాబు వచ్చేది. ఇప్పుడు ఎవడో వీడియోలో వాగింది మధ్యాహ్నానికి పేజీ ఎక్కుతోంది. వాగినవాణ్ణి మాస్టారు నమ్మడు, మిమ్మల్ని నమ్మాడు. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను. సవరణ వేయండి. టెండరు నోటీసుల పక్కన చీమతలకాయంత అక్షరాల్లో ‘చింతిస్తున్నాం’ అని కాదు. అదే ఆదివారం అనుబంధంలో, అంతే పెద్ద అక్షరాల్లో, ఫొటో కింద సరైన పేరుతో. మా పిల్ల దాన్ని కత్తిరించి బడికి పట్టుకెళ్తానంది. కత్తెర ఇప్పటికే నా బల్లమీద పెట్టి వెళ్ళింది.

ఇట్లు,
విశ్రాంత ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరు, మీ పాత చందాదారు