తిమింగలం కోసం పడవెక్కక్కర్లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు ఏమేం చూడొచ్చో రాసిన పేజీ చదివాను. బాగానే ఉంది గానీ తిమింగలాల దగ్గరికొచ్చేసరికి రెండు పొరపాట్లు దొర్లాయి. మొదటిది, 'ఈ భారీ చేపను చూడాలంటే' అని ఎత్తుకున్నారు. ఇరవై ఎనిమిదేళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, ఊరుకోలేను. తిమింగలం చేప కాదండీ. మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీల్చి, పిల్లను కని పాలిచ్చి పెంచుతుంది. ఎ. రంగారావు అనే మన భూగర్భ శాస్త్రవేత్త కాశ్మీర్‌లో ఏరి దాచిన రాళ్ళలో పిల్లి అంత సైజున్న చిన్న జింకలాంటి జంతువు ఎముకలు బయటపడ్డాయి. ఇండోహయస్ అంటారు. దాని చెవి ఎముకను బట్టి తిమింగలాలకు అది దగ్గరి చుట్టమని 2007లో హాన్స్ థెవిసెన్ బృందం తేల్చింది. అంటే ఆ చుట్టరికం మొదలైంది మన వైపు నేల మీదే. ఇది మా పాఠ్యపుస్తకంలో ఉండేది కాదు, నేనే పిల్లలకు చెప్పేవాణ్ణి.

సరే, అసలీ ఉత్తరం రెండో పొరపాటు కోసం. తిమింగలాలు చూడాలంటే పడవెక్కి సముద్రం లోపలికి పోవాల్సిందే అన్నట్టు రాశారు. అది చదివి మా వైపు పెద్దవాళ్ళు ఎంతమంది పడవ టికెట్లు కొనిపించుకుంటారో అని నా టెన్షన్.

మేం కొన్నాం కాబట్టి చెబుతున్నా. మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు. మొదటిసారి పోయినప్పుడు వాడు మోజుపడి తీసుకెళ్ళాడు. దేవరకొండ వాళ్ళకు నౌకాయానం అంటే నాగార్జునకొండకు పోయే లాంచీ, అంతే. రేవు దాటి పావుగంట కాకముందే మా ఆవిడ వాంతులు మొదలుపెట్టింది, ఆమెను చూసి కోడలు, వాళ్ళిద్దరికీ కవర్లు అందిస్తూ నేను. మూడు గంటల్లో నేను చూసింది పడవ రెయిలింగు, ప్లాస్టిక్ కవరు, చివర్లో అందరూ ఒక్కసారిగా అటు పక్కకు పరిగెత్తితే వాళ్ళ వీపుల సందులోంచి ఒక నల్లటి తోక కొస. ఆ కంపెనీ వాళ్ళను తప్పు పట్టను, సముద్రం సముద్రంలాగే ఉంటుంది. కానీ ఆ రోజు మా ఆవిడ ఒట్టు పెట్టుకుంది, మళ్ళీ తిమింగలం పేరెత్తితే అన్నం పెట్టనని.

ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టించింది రెండోసారి ప్రయాణం. ఏప్రిల్ చివర్లో. ఈసారి పడవ లేదు, పొద్దున ఏడింటికి ఒక వ్యాను, అందులో ఎనిమిది మందిమి, ఒక గైడు. ఆమెకూ అరవై దాటి ఉంటాయి. శాన్‌ఫ్రాన్సిస్కో దాటి ఉత్తరానికి పోతే పాయింట్ రేస్ అని సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఒక కొస ఉంది, ప్రభుత్వం కాపాడుతున్న తీరం, లోపలికి పోవడానికి టికెట్ కూడా లేదు, మేమిచ్చిన డబ్బంతా వ్యానుకూ గైడుకే. చివరి గంట ప్రయాణం సన్నటి రోడ్డు, రెండు పక్కలా పచ్చిక, పాడి ఆవులు. ఆ పశువుల ఫారాలకు పేర్లు ఎ, బి, సి అని అక్షరాలే, మన హాస్టల్ బ్లాకులకు పెట్టినట్టు. మా ఆవిడ తిమింగలాల సంగతి మరిచిపోయి ఆవుల పొదుగులు చూస్తూ కూర్చుంది.

దిగగానే గాలి. అలాంటి గాలి నేను డిండి కట్ట మీద కూడా చూడలేదు, చీర మీద స్వెటరు, స్వెటరు మీద మా అబ్బాయి జర్కిను, నెత్తికి మంకీ క్యాపు పెట్టుకుని కూడా మా ఆవిడ గజగజలాడింది. అక్కడ 1870లో కట్టిన లైట్‌హౌస్ ఉంది, కొండ అంచు నుంచి దానికి 313 మెట్లు కిందికి దిగాలి, గాలి గంటకు 64 కిలోమీటర్లు దాటితే మెట్ల దారి మూసేస్తారట. గైడు ముందే చెప్పింది, పై నుంచి కూడా తిమింగలాలు బాగానే కనపడతాయి, మోకాళ్ళు మంచిగున్నవాళ్ళు దిగండి, లేనివాళ్ళు నాతో ఉండండి అని. నేను పంతానికి దిగాను. దిగడం సులువే. ఎక్కేటప్పుడు మాత్రం మా ఊరి గుళ్ళో దేవుళ్ళందరినీ పేరుపేరునా తలుచుకున్నాను, పైగా కింద నాకు కనపడింది ఏమీ లేదు.

పైకొచ్చాక గైడు విలువ తెలిసింది. మేమందరం బైనాక్యులర్లు కళ్ళకు ఆనించుకుని సముద్రాన్ని ఊడ్చేస్తున్నాం. ఆమె వచ్చి అందరివీ దించేయించింది. ముందు ఒట్టి కళ్ళతో చూడండి, నీళ్ళను కాదు, నీళ్ళ పైన చూడండి, ఎడమ నుంచి కుడికి నిదానంగా, వరి మడిలో కలుపు వెతికినట్టు (ఈ పోలిక నాది, ఆమెది కాదు). తిమింగలం పైకొచ్చి ఊపిరి వదిలితే పది పన్నెండు అడుగుల ఎత్తున తెల్లటి ఆవిరి లేస్తుంది, ఎదురుగా చూస్తే అది హృదయం బొమ్మలా రెండు పాయలుగా ఉంటుంది. ఒకసారి కనపడగానే లెక్క మొదలుపెట్టాలి. పావు నిమిషం, అర నిమిషం తేడాతో మూడు నుంచి అయిదు సార్లు ఊపిరి తీసి, తోక ఎత్తి మునుగుతుంది, మూడు నుంచి అయిదు నిమిషాలు కనపడదు. ఇవి మామూలుగా గంటకు ఎనిమిది కిలోమీటర్లకు మించి పోవు, సైకిల్ కన్నా నిదానం, కాబట్టి మునిగిన చోట కాకుండా కాస్త ఉత్తరానికి జరిగి ఎదురుచూడాలి. ఇంత లెక్క ఉందని పడవలో మాకెవరూ చెప్పలేదు.

గంటన్నర గడిచింది. ఏమీ లేదు. మా ఆవిడ నా చెవిలో, "ఏంది సారూ, గింత దూరమొచ్చి నీళ్ళ దిక్కు గుడ్లప్పగించి సూసుడేనా?" అంది. అన్న అయిదు నిమిషాలకు ఆమే చెయ్యి చాపింది. "అగో, ఆడ ఎవరో పొయ్యి ఊదినట్టు పొగ లేసింది." గైడు కన్నా ముందు, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ కన్నా ముందు, యాభై వేల రూపాయల కెమెరా పట్టుకున్న మా అబ్బాయి కన్నా ముందు. నేను ఆశ్చర్యపోయాను గానీ పోవాల్సింది లేదు. చిన్నప్పుడు ఆమె పుట్టింట్లో జొన్నచేను కావలి ఆమెదే, మంచె మీద కూర్చుని వడిసెల పట్టుకుని పొద్దంతా కంకుల మీద పిట్ట వాలడం కనిపెట్టిన మనిషి. అంత చేనులో ఒక్క కంకి వంగితే పట్టేసే కన్ను అది. గైడుకు ఈ సంగతి అబ్బాయి ఇంగ్లీషులో చెబితే ఆమె మంచె అంటే ఏమిటో రెండుసార్లు అడిగి తెలుసుకుంది. తర్వాత మేం పెట్టిన సకినాలు తింటూ మా ఆవిడ పక్కనే నిలబడింది, భాష లేకుండానే ఇద్దరూ వేళ్ళతో చూపించుకున్నారు.

ఆ పొగ వెనకాలే చిన్న పొగ ఇంకోటి లేచింది. తల్లీ పిల్లా. ఇవి గ్రే వేల్స్, బూడిద రంగువి, పెద్దది మన ఆర్టీసీ బస్సు కన్నా పొడవు. చలికాలంలో మెక్సికో దగ్గరి మడుగుల్లో పిల్లల్ని కంటాయి, ఎండాకాలానికి ఆర్కిటిక్ వైపు మేతకు పోతాయి, రానూపోనూ 16 వేల కిలోమీటర్లకు పైనే. మేత అంటే సముద్రం అడుగు బురదను నోటితో పీల్చి అందులో రొయ్యల్లాంటి సన్నటి పురుగుల్ని వడగట్టుకోవడం. మగవి, ఒంటరివి ముందే వెళ్ళిపోతాయి, పిల్లతల్లులు అందరికన్నా ఆఖర్న, ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో ఈ తీరం దాటతాయి. కిల్లర్ వేల్స్ పిల్లల్ని పట్టుకుంటాయన్న భయంతో ఒడ్డు పట్టుకుని నడుస్తాయి. అందుకే మాకు అంత దగ్గరగా, రెండు మూడొందల మీటర్లలో కనపడ్డాయి. తల్లి నెలల తరబడి దాదాపు ఏమీ తినకుండానే పాలిస్తూ పోతుందని గైడు చెబితే మా ఆవిడ ఆ తర్వాత మాట్లాడలేదు. చాలాసేపటికి "బాలింత పస్తు" అని మాత్రం అంది.

తల్లి మునిగాక ఆ చోట నీళ్ళు చూడమంది గైడు. చుట్టూ అలలు గరుగ్గా ఉంటే అక్కడొక్కచోట పెద్ద పళ్ళెం అంత మేర నునుపు, నూనె పోసినట్టు. కింద తోక కొట్టిన తోపుకు నీళ్ళు పైకి ఉబికి అలా అవుతాయి, దాన్ని తిమింగలం అడుగుజాడ అంటారట. ఆ నునుపు నేను ఇదివరకే చూశాను. ఎక్కడన్నది కింద చెబుతా.

మీ పేజీలో తిమింగలం గాల్లోకి ఎగిరిన ఫొటో వేశారు. మేమున్న నాలుగు గంటల్లో ఒక్కటీ ఎగరలేదు. మొత్తం అయిదు కనపడ్డాయి, అందులో మూడు దూరంగా పొగ మాత్రమే, ఫోనులో తీసిన ఫొటోలు చూస్తే చుక్క కూడా లేదు. ఆశపడి పోయేవాళ్ళకు ఇది ముందే చెప్పాలి. ఇంకోటి, గతంలో వేటగాళ్ళు వీటిని దాదాపు అంతం చేశారు, వేట ఆపాక కోలుకుని 1994లో అమెరికా వాళ్ళ అంతరించే జీవుల జాబితా నుంచి బయటికొచ్చాయి, 2016 నాటికి 27 వేల దాకా పెరిగి 2023కు మళ్ళీ 14,500 దగ్గరికి పడిపోయాయి, అక్కడ ఉత్తరాన మంచు తగ్గి మేత తారుమారు కావడమే ముఖ్య కారణమంటున్నారు. ఒడ్డు మీది నుంచి చూస్తే వాటి దారికి అడ్డం పడేది ఉండదు, ఇంజిన్ చప్పుడుండదు. పోయేవాళ్ళు జనవరిలో గానీ, మార్చి నుంచి మే మొదటి వారం లోపు గానీ పొండి. పొగమంచు పడితే ఏమీ కనపడదు. ఫోను సిగ్నల్ నమ్ముకోవద్దు, తిండి వెంట తీసుకెళ్ళాలి, మేం పులిహోర పట్టుకెళ్ళాం.

ఇక ఆ నునుపు సంగతి. నేరేడుగొమ్ము మండలంలో సాగర్ వెనక జలాల ఒడ్డున వైజాగ్ కాలనీ ఉంది, మీకు తెలిసే ఉంటుంది. డ్యాం కట్టే కాలంలో విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన జాలరుల ఊరు. ఇప్పుడు ఆదివారమొస్తే హైదరాబాద్ కార్లు, చేపల వేపుడు, పడవ షికారు. నేను ఉద్యోగంలో ఉండగా ఓసారి పిల్లల్ని తీసుకెళ్తే అక్కడి జాలరి పెద్దాయన ఒకరు మమ్మల్ని పడవెక్కనివ్వలేదు, పొద్దు పొడవకముందే గట్టు మీద కూర్చోబెట్టి నీళ్ళ మీద సన్నటి నునుపు గీత చూపించి, దాని వెంట కళ్ళు నడపమన్నాడు. అర నిమిషానికి మూడు నీటికుక్కలు తలలెత్తాయి, ఒకదాని నోట్లో చేప. పిల్లలు ఊపిరి బిగబట్టారు. అలలు చూసి కింద ఏముందో చెప్పగలిగిన మనిషి ఆయన, పాయింట్ రేస్‌లో గైడు చేసిందీ అదే.

పోయిన డిసెంబర్లో మా రిటైరైన టీచర్లం కొందరం కలిసి ఒక ప్యాకేజీ టూర్‌లో అటువైపే పోయాం. ఎవరిదో పేరు చెప్పను. గైడుతో సహా అని రాశారు, వచ్చింది డ్రైవరొక్కడే. ఒడ్డున దింపి "గంటలో రండి సార్" అన్నాడు, పడవలో సౌండ్ బాక్సు పెట్టారు. ఆ చప్పుడుకు నీటికుక్క కాదు, కొంగ కూడా నిలవదు. మేం నీళ్ళు చూసి, చేపలు తిని, వచ్చాం. పడవలు పెంచమనో, వద్దనో నేననడం లేదు. వాటితో బతికేవాళ్ళున్నారు. నేనడిగేది ఒక్కటే, పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా ఒడ్డు మీద నిలబెట్టి చూపించే మనిషి ఒకరు, వారి కూలికి సరిపడా టికెట్. అమ్రాబాద్ అడవిలో చెంచులు పులి అడుగు చూసి చెప్పే పని చేస్తూనే ఉన్నారు, జాలరులకు ఎందుకు కుదరదు? పర్యాటక శాఖ వాళ్ళకు ఉత్తరం రాశాను, మీరు కూడా మీ జిల్లా పేజీలో ఓసారి రాస్తే చదువుతారని ఈ ప్రయాస.

ఆ పెద్దాయన్ను మొన్న కలిశాను, చూపు కాస్త మందగించింది గానీ మనిషి గట్టిగానే ఉన్నాడు. తిమింగలాల సంగతి అంతా చెప్పాను, తల్లీ పిల్లా, పొగ, నునుపు. శ్రద్ధగా విని, ఎంతసేపు మునుగుతుందని అడిగాడు. అయిదు నిమిషాలన్నాను. మన నీటికుక్క అంతసేపు ఉండలేదన్నాడు. ఆ గైడుకు మేం డబ్బులిచ్చామని చెబితే మాత్రం నమ్మలేదు.

"చూపించినందుకు కూడా డబ్బులిస్తారా సారూ?"

- విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా