జాతీయత రక్తంలో ఉండదు

అయ్యా,

మీ పత్రికలో జాతీయతపై వ్యాసం వచ్చి పది రోజులైంది. నాకు కోపం మాత్రం చల్లారలేదు. జాతి భావన రక్తంలోనే ఉంటుందట, అది లేనివాడు సగం మనిషట! ఆ వాక్యాన్ని అచ్చుకు పంపేముందు మీ కార్యాలయంలో ఎవరైనా చదివారా?

ఫ్రాన్స్, జర్మనీల సరిహద్దు ప్రాంతమైన అల్సాస్‌లో 1870లో పుట్టిన మనిషిని తీసుకోండి. పుట్టుకతో ఫ్రెంచివాడు. మరుసటి ఏడాదికి జర్మన్. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక మళ్లీ ఫ్రెంచ్, 1940లో మళ్లీ జర్మన్, ఆ యుద్ధమూ అయ్యాక తిరిగి ఫ్రెంచ్. ఉన్న ఊరు వదలకుండానే నాలుగుసార్లు దేశం మారింది. రక్తం ఎన్నిసార్లు మారినట్టు? 1942 నుంచి అక్కడి యువకులను బలవంతంగా జర్మన్ సైన్యంలో చేర్చారు. బతికి ఇల్లు చేరినవాళ్లను సొంతవాళ్లే అనుమానంగా చూశారు.

పోలండ్‌లో 1931 జనాభా లెక్కల్లో మాతృభాష ఏదని అడిగితే, పోలెసియె ప్రాంతంలో 7 లక్షల మందికి పైగా 'ఇక్కడి భాష' అన్నట్టు నమోదైంది. పొలం, నది, చుట్టుపక్కల మనుషులు తెలిసిన ఆ జనానికి తాము ఏ జాతివారో తేల్చుకోవలసిన అవసరమే రాలేదు. వాళ్లు సగం మనుషులా?

బడి, దేశపటం, సైన్యం, పత్రిక కలిసి మనిషికి జాతి భావన నేర్పుతాయి. నేర్చుకున్నది కనుక అబద్ధమని నేను అనడం లేదు. మాతృభాష కూడా నేర్చుకున్నదే కదా! జాతీయ గీతం వింటే నా కళ్లూ చెమరుస్తాయి. ఆ కన్నీటిని తూకం వేసి పక్కవాడి మనిషితనాన్ని కొలవడమే నాకు మింగుడుపడదు.

మీ ఆటల పేజీ కూడా ఇదే నేర్పుతోంది. గెలిస్తే 'మనం గెలిచాం', ఓడితే 'జట్టు ఓడింది'. విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో ఇదే అలవాటును అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 1976లోనే చూపించారు. ఒకప్పుడు పత్రికల్లో ఇలాంటి మాటలు దిద్దేవారు ఉండేవారు. ఇక అధికారుల దరఖాస్తులు సరేసరి. తల్లిది ఒక దేశం, తండ్రిది మరొకటి అయిన పిల్లలకూ జాతీయత రాయడానికి ఒకే గడి! అది నింపలేక పిల్లవాడు పెన్ను పట్టుకుని కూర్చుంటే, తొందరగా కానివ్వమని గదమాయింపు.

ఆ వాక్యాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు అదే పేజీలో రెండు ముక్కలు వేయండి. నా దగ్గర చదువుకున్నవారిలో ఇద్దరికి ఈనాటికీ ఏ దేశ పౌరసత్వమూ లేదు. వాళ్లూ మీ పత్రిక చదువుతారు.

– ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయురాలు