నీ కన్ను సంగతి

చిరంజీవి శ్రీధర్‌కు నాన్న ఆశీస్సులు.

ఇక్కడంతా క్షేమం. పెరట్లో నందివర్ధనం విరగబూసింది. ఆ పూలు కళ్లమీద కప్పుకొని పడుకోమని చెప్పడానికి మీ అమ్మ పదకొండు రోజులుగా ఫోను చేస్తూనే ఉంది. నువ్వు ఎత్తలేదు కనుక ఆ వైద్యం తప్పింది. నువ్వు కిటికీ తెరలు దించుకొని చీకట్లో కూర్చుంటున్నావని సుమతి కొడుకు చెప్పాడు.

గత నెల విరేచనాలతో మంచం పట్టావు, మూడు వారాలకు మోకాలు వాచింది, ఇప్పుడు కన్ను. ఇవి వేర్వేరు కావేమోనని నా భయం. సాల్మొనెల్లా, షిగెల్లా వంటి క్రిములు పేగుల్లో చేరిపోయిన కొన్ని వారాలకు ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్లమీదా కళ్లమీదా తిరగబడవచ్చు. దానినే రియాక్టివ్ ఆర్థ్రైటిస్ అంటారు. మూత్రంలో మంట ఉన్నా డాక్టరుకు దాచకు. నాకు చెప్పనక్కరలేదు.

1987 వేసవిలో రాము బాబాయికి ఎడమ కన్ను ఎర్రబడితే, కళ్లకలక అనుకొని మందుల షాపులో చుక్కలు కొని తెచ్చింది నేనే. పుసి లేదు, రెప్పలు అంటుకోవడం లేదు. అయినా నాకు అనుమానం రాలేదు. రాత్రి భోజనాల దగ్గర వాడు దీపానికి వీపు పెట్టి కూర్చునేవాడు, కన్ను లోపలెక్కడో సలుపుతోందనేవాడు. తొమ్మిదో రోజున కంటి డాక్టరు కంటిపాప విచ్చుకునే మందు వేస్తే, కుడి పాప గుండ్రంగా తెరుచుకుంది, ఎడమది అక్కడక్కడా కుట్టు వేసి బిగించినట్టు వంకరగా ఆగిపోయింది. పాప చుట్టూ ఉండే ఐరిస్ వాచి, వెనుకనున్న కటకానికి అతుక్కుపోయిందట. వాడు పేపరును ఓరగా పట్టుకొని చదవడం అప్పటి నుంచే. చిన్నప్పుడు నువ్వు దానిని అనుకరించి అందరినీ నవ్వించేవాడివి. తరువాత వాడి రక్తంలో హెచ్.ఎల్.ఎ. బి27 అనే, ఇలాంటి వాపులు వచ్చే అవకాశం పెంచే జన్యు గుర్తు ఉందని తేలింది. అది వంశంలో దిగవచ్చు కనుక డాక్టరుకు ఈ మాట చెప్పు.

రియాక్టివ్ ఆర్థ్రైటిస్‌లో మామూలు కళ్లకలకే ఎక్కువగా వస్తుంది, దానంతటది తగ్గుతుంది కూడా. కానీ వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం ఉంటే ఆ రోజే కంటి డాక్టరు దగ్గర స్లిట్ ల్యాంప్ కింద, అంటే కంటిని పెద్దదిగా చేసి చూపే దీపపు పరికరం కింద, చూపించుకోవాలి. స్టెరాయిడ్ చుక్కలు రాస్తే చెప్పినన్నిసార్లు వేసుకో, ఎరుపు తగ్గింది కదా అని ఒక్కసారిగా మానకు, నీ అంతట నువ్వు పొడిగించనూ వద్దు. వాటివల్ల కంటిలో ఒత్తిడి పెరగవచ్చు, దానిని కొలిపించుకో. ఉపన్యాసం వద్దనుకున్నాను, మళ్లీ అదే అయింది.

మూడు వేలు పంపాను. పాప విచ్చుకునే మందు వేస్తే కొన్ని గంటలు చూపు ఆనదు కనుక బండి మీద వెళ్లకు, ఆటోలో వెళ్లు, సుమతి కొడుకును వెంట తీసుకువెళ్లు. నాకు ఫోను చేయకపోయినా సరే, మీ అమ్మకు చెయ్యి. నేను పక్కనే ఉంటాను.

నాన్న